సైప్రస్‌లో హంతకుడు ఎందుకు దొరకడు

డిటెక్టివ్ నవల చేతిలోకి తీసుకున్న పాఠకుడికి ఒక భరోసా ఉంటుంది. మధ్యలో ఎంత టెన్షన్ పెట్టినా, హంతకుడెవరో చెప్పకుండా రచయిత కథ ముగించడు. కథ సైప్రస్‌లో జరిగితే మాత్రం ఆ భరోసా ఇవ్వడం కష్టం. అక్కడ ఎముకలు దొరుకుతాయి. డిఎన్ఏ పరీక్ష చేస్తారు. అవి ఎవరివో తేలుతుంది. కుటుంబాన్ని పిలిచి అప్పగిస్తారు. ఎవరు చంపారు, ఎలా చంపారు అన్నది మాత్రం ఆ ఫైల్లో ఉండదు. ఉండకూడదనే నిబంధన పెట్టుకున్నారు.

ఎండ, నీలి సముద్రం, నిమ్మతోటలు, టూరిస్టులతో కిటకిటలాడే బీచ్, ఆ మధ్యలో ఒక హత్య. ఇలాంటి చీకటి కథలకు సైప్రస్ బాగా నప్పుతుంది. ఎందుకని అడిగితే, అందమైన చోట ఘోరం జరిగితే భయం రెట్టింపవుతుందని చాలామంది అంటారు. నాకు ఆ జవాబు చాలదు. అలాంటి బీచ్‌లు మధ్యధరా సముద్రం చుట్టూ ఎన్నో ఉన్నాయి. సైప్రస్‌లో ఉన్నదీ, మిగతా చోట్ల లేనిదీ ఒక గీత. శవం ఒకవైపు, సాక్షి ఇంకోవైపు, నిందితుడు మరెక్కడో ఉండిపోయేలా చేసేది ఆ గీతే. అక్కడి నేర కథను అర్థం చేసుకోవాలంటే ముందు ఆ గీత ఎలా పడిందో తెలియాలి.

1878లో ఒట్టోమన్ల చేతుల్లోంచి ద్వీపం పాలన బ్రిటిష్ వాళ్ళకి వచ్చింది. 1960 నాటికి జనాభాలో ముప్పావు వంతుకు మించి గ్రీకు మాట్లాడే ఆర్థడాక్స్ క్రైస్తవులు. ఐదో వంతుకు కాస్త తక్కువగా టర్కిష్ మాట్లాడే ముస్లింలు. చాలా ఊళ్ళలో ఇద్దరూ కలిసే బతికారు. 1955లో బ్రిటిష్ వాళ్ళ మీద సాయుధ పోరాటం మొదలుపెట్టిన ఇయోకా అనే గ్రీకు సైప్రియట్ సంస్థకు కావలసింది స్వతంత్ర దేశం కూడా కాదు, గ్రీసులో విలీనం. దానికి పోటీగా టర్కిష్ సైప్రియట్లలో టిఎంటి అనే రహస్య దళం పుట్టింది. వాళ్ళకు కావలసింది ద్వీపాన్ని పంచుకోవడం. 1960 ఆగస్టు 16న వచ్చిన స్వాతంత్ర్యం ఈ రెండు కోరికల్నీ నిషేధించింది. అధ్యక్షుడు గ్రీకు సైప్రియట్, వీటో అధికారమున్న ఉపాధ్యక్షుడు టర్కిష్ సైప్రియట్, ప్రభుత్వోద్యోగాల్లో 70:30 వాటా. దీనికి బ్రిటన్, గ్రీసు, టర్కీ పూచీదార్లు. రెండు వర్గాల్లో ఏ ఒక్కదానికీ మనసులో లేని ఏర్పాటు అది. మూడేళ్ళు నిలబడింది, అంతే.

1963 నవంబర్ చివర్లో అధ్యక్షుడు ఆర్చిబిషప్ మకారియోస్ రాజ్యాంగానికి 13 సవరణలు ప్రతిపాదించారు. టర్కిష్ సైప్రియట్లకున్న వీటో పోవాలన్నది వాటిలో ఒకటి. డిసెంబర్ 21న నికోసియాలో కాల్పులు మొదలయ్యాయి. వారం తిరిగేసరికి రాజధానిని రెండుగా విడదీయక తప్పలేదు. బ్రిటిష్ మేజర్ జనరల్ పీటర్ యంగ్ మ్యాపు మీద ఆకుపచ్చ పెన్సిల్‌తో గీత గీశారు. అందుకే దాని పేరు గ్రీన్ లైన్. 1964 మార్చిలో ఐక్యరాజ్యసమితి శాంతిసేన దిగింది. దానికి మొదటి కమాండర్ మన దేశానికి చెందిన జనరల్ పి.ఎస్. గ్యానీ. ఆయన తర్వాత వచ్చిన జనరల్ తిమ్మయ్య 1965 డిసెంబర్‌లో అక్కడే ఉద్యోగంలో ఉండగా కన్నుమూశారు. 1974లో యుద్ధం ముంచుకొచ్చినప్పుడు ఆ సేనకు కమాండర్‌గా ఉన్న ప్రేమ్ చంద్ కూడా భారతీయుడే. ఈ సంగతి మనలో చాలామందికి తెలియకపోవడం నాకు బాధగా ఉంటుంది.

1974లో పదకొండేళ్ళ నాటి గీత ద్వీపం పొడవునా పాకింది. జూలై 15న గ్రీసులోని సైనిక ప్రభుత్వం మకారియోస్ మీద కుట్ర నడిపి, నికోస్ సాంప్సన్ అనే పాత ఇయోకా మనిషిని గద్దెనెక్కించింది. ఐదు రోజుల తర్వాత, పూచీదారు హక్కు పేరు చెప్పి టర్కీ సైన్యం దిగింది. ఏథెన్స్‌లో సైనిక ప్రభుత్వం కూలింది, సాంప్సన్ దిగిపోయాడు, జెనీవాలో చర్చలు జరిగాయి. అయినా ఆగస్టు 14న టర్కీ రెండో దాడి చేసి, ద్వీపంలో మూడో వంతుకు పైగా పట్టుకుంది. లక్షా అరవై వేల మందికి తక్కువ కాకుండా గ్రీకు సైప్రియట్లు దక్షిణానికి పారిపోయారు. వేలాది టర్కిష్ సైప్రియట్లు ఉత్తరానికి చేరారు. 1983లో ఉత్తర భాగం తనను ప్రత్యేక దేశంగా ప్రకటించుకుంది. టర్కీ తప్ప మరెవరూ దాన్ని గుర్తించలేదు.

ఆ గీత ఇప్పుడు తూర్పు నుంచి పడమరకు దాదాపు 180 కిలోమీటర్లు. పాత నికోసియా సందుల్లో కొన్ని మీటర్ల వెడల్పు, మరికొన్ని చోట్ల ఏడు కిలోమీటర్లకు పైనే. రెండు సైన్యాల మధ్య మిగిలిన ఆ ఖాళీ మేర ఐక్యరాజ్యసమితి కాపలాలో ఉంటుంది. నికోసియా పాత విమానాశ్రయం అందులోనే ఉంది. తుప్పు పట్టిన ఒక ట్రైడెంట్ విమానం ఇప్పటికీ అక్కడ నిలబడి ఉంది. ఏ థ్రిల్లర్ రచయితకైనా అది కంటికి ఇంపైన సీను. కాని అసలు కథ అదే ఆవరణలో ఉన్న మరో భవనంలో నడుస్తోంది. అది ఎముకల్ని గుర్తుపట్టే ల్యాబ్.

1963 నుంచి 1974 వరకు మాయమైపోయిన వాళ్ళ అధికారిక జాబితాలో 2,002 పేర్లున్నాయి. 1,510 మంది గ్రీకు సైప్రియట్లు, 492 మంది టర్కిష్ సైప్రియట్లు. ఈ రెండో సంఖ్య దక్షిణాదిన చాలాకాలం వినపడలేదు. మొదటి సంఖ్య ఉత్తరాదిన వినపడలేదు. 1974 ఆగస్టు 14న ఏం జరిగిందో చూడండి. దక్షిణాన తోఖ్నీ అనే ఊళ్ళో టర్కిష్ సైప్రియట్ మగవాళ్ళని బస్సుల్లో ఎక్కించి తీసుకెళ్ళి కాల్చేశారు. తూర్పు తీర పట్నం ఫామగుస్తా దగ్గర మరాథా, సాంతలారిస్, అలోవా అనే మూడు చిన్న ఊళ్ళలో టర్కిష్ సైప్రియట్ ఆడవాళ్ళను, పిల్లల్ని చంపి గోతుల్లో పూడ్చేశారు. ఆ రోజుల్లోనే టర్కీ సైన్యం ముందుకొచ్చిన ఊళ్ళలో గ్రీకు సైప్రియట్ బందీలు, ముసలివాళ్ళు, కుటుంబాలకు కుటుంబాలు కనపడకుండా పోయాయి. చంపినవాళ్ళలో సైనికులున్నారు. పక్క ఊరి వాళ్ళున్నారు. బళ్ళో కలిసి చదువుకున్నవాళ్ళూ ఉన్నారు.

ఇంతకన్నా నన్ను కలవరపెట్టేది ఆ తర్వాత రెండు ప్రభుత్వాలు చేసిన పని. టర్కిష్ సైప్రియట్ నాయకత్వం తమవాళ్ళంతా చనిపోయారనీ, అమరులయ్యారనీ తేల్చేసింది. ఇక వెతకడానికి ఏమీ లేదని కుటుంబాలకు చెప్పింది. గ్రీకు సైప్రియట్ ప్రభుత్వం దానికి నేరుగా ఎదురు దారి పట్టింది. పోయినవాళ్ళు ఎక్కడో ఉన్నారేమో, టర్కీ జైళ్ళలో ఉన్నారేమో అన్న ఆశను బతికించి ఉంచింది. నికోసియాలో గీత మీదున్న లెద్రా పాలెస్ చెక్‌పోస్టు దగ్గర నల్లబట్టల్లో తల్లులు, భార్యలు కొడుకుల ఫొటోలు, భర్తల ఫొటోలు పట్టుకుని దశాబ్దాల తరబడి నిలబడ్డారు. ఒకచోట దుఃఖపడడానికి శవం లేదు, మరోచోట దుఃఖపడే అనుమతే లేదు.

ఆ ఆశ ఎంత అన్యాయంగా నిలబెట్టారో 1998లో బయటపడింది. ఇద్దరు గ్రీకు సైప్రియట్ ఆడవాళ్ళు, 1974లో కనపడకుండా పోయిన తమ భర్తల కోసం నికోసియా పక్కనున్న లకటామియా సైనిక శ్మశానానికి వెళ్ళి, తమ చేతులతో తవ్వడం మొదలుపెట్టారు. మరుసటి ఏడు ప్రభుత్వం విదేశీ నిపుణులతో అక్కడ తవ్వించింది. తప్పిపోయిన వాళ్ళ జాబితాలో ఉన్న కొందరు ఆ శ్మశానంలోనే ఉన్నారు. టర్కీ జైల్లో కాదు, గీతకు అవతల కాదు. సొంత ప్రభుత్వం సొంత నేలలో, యుద్ధపు హడావుడిలో పేర్లు సరిగా రాసుకోకుండా పాతిపెట్టిన చోట. పాతికేళ్ళు ఆ ఇళ్ళలో భోజనాల బల్ల దగ్గర ఒక కుర్చీ ఖాళీగా ఎదురుచూసింది. విలన్ అవతలివాడే అని నమ్మిన పాఠకుడికి ఇంతకన్నా పెద్ద మలుపు ఏ నవలాకారుడు ఇవ్వగలడు?

తప్పిపోయినవారి కమిటీని 1981లోనే వేశారు. ఒక గ్రీకు సైప్రియట్, ఒక టర్కిష్ సైప్రియట్, రెడ్‌క్రాస్ సూచన మేరకు ఐక్యరాజ్యసమితి నియమించే మూడో సభ్యుడు. పాతికేళ్ళపాటు ఒక్క శవాన్ని కూడా వాళ్ళు ఇంటికి పంపలేకపోయారు. 2006లో అర్జెంటీనా ఫోరెన్సిక్ నిపుణుల దగ్గర పని నేర్చుకున్న స్థానిక యువకులు, యువతులు, రెండు వర్గాల వాళ్ళూ కలిసి, తవ్వకాలు మొదలుపెట్టారు. 2007 జూలై నుంచి ఎముకలు కుటుంబాలకు చేరుతున్నాయి. ఎండిపోయిన బావుల్లో, పొలం గట్ల కింద, గుట్టల వాలుల్లో దొరికినవి శుభ్రం చేస్తారు. బల్ల మీద మనిషి ఆకారంలో పేరుస్తారు. బంధువుల రక్తంతో డిఎన్ఏ పోలుస్తారు. తర్వాత కుటుంబాన్ని పిలిచి చూపిస్తారు. ఇప్పటిదాకా వెయ్యి మందికి పైగా ఇలా ఇంటికి తిరిగొచ్చారు.

ఈ పని సాధ్యమైంది ఒక ఒప్పందం వల్ల. చావుకు కారణమేంటో కమిటీ తేల్చదు, బాధ్యులెవరో చెప్పదు. సమాధి ఎక్కడుందో చెప్పిన మనిషి పేరు బయటికి రాదు. ఎందుకంటే గోతి ఎక్కడుందో కచ్చితంగా తెలిసినవాడు చాలాసార్లు ఆ గోతి తవ్వినవాడే, లేదా తవ్వుతుంటే చూస్తూ నిలబడ్డవాడు. అతణ్ణి పట్టిస్తామంటే నోరు విప్పడు. నోరు విప్పకపోతే ఎముకలు దొరకవు. అందుకని ఎముకల కోసం న్యాయాన్ని పక్కన పెట్టారు.

ఇది సరైన బేరమేనా? నాకైతే ఆ కుటుంబాల దృష్టిలో సరైనదే అనిపిస్తుంది. ఎనభై ఏళ్ళ తల్లికి కొడుకు ఎముకలు అప్పగించడం ఏ తీర్పుకన్నా ముందు జరగాలి. కాని ఇది న్యాయానికి బదులు కాదని కూడా చెప్పి తీరాలి. యూరోపియన్ మానవ హక్కుల కోర్టు 2009లో, తప్పిపోయినవాళ్ళ కుటుంబాలు వేసిన వర్నవా కేసు తీర్పులో అదే అంది. ఎముకల్ని గుర్తించడం గొప్ప పనే, కాని మాయమైనవాళ్ళకు ఏమైందో దర్యాప్తు చేసే బాధ్యత టర్కీకి అలాగే ఉందని చెప్పింది. 2014లో అదే కోర్టు టర్కీ 9 కోట్ల యూరోలు చెల్లించాలని తీర్పిచ్చింది. అందులో 3 కోట్లు తప్పిపోయిన వాళ్ళ బంధువులకు. అయినా ఆ హత్యలకు ఎవరినైనా బోనెక్కించి శిక్షించిన దాఖలా రెండువైపులా లేదు.

2009లోనే టర్కీ టీవీలో ఒక పేరున్న నటుడు, 1974లో సైనికుడిగా ఉన్నప్పుడు చేతులు కట్టేసిన ఒక కుర్రాడైన బందీని కాల్చి చంపానని చెప్పాడు. గొడవ చెలరేగాక, అదంతా తాను రాస్తున్న ఒక స్క్రిప్టులోని కథ అని మాట మార్చాడు. సైప్రస్ వ్యవహారంలో వాంగ్మూలం ఎక్కడ ఆగుతుందో, కల్పన ఎక్కడ మొదలవుతుందో ఆ ఒక్క సంఘటన చూస్తే అర్థమవుతుంది.

నిశ్శబ్దాన్ని బద్దలుకొట్టిన వాళ్ళూ ఉన్నారు. సెవ్‌గుల్ ఉలుదాగ్ అనే టర్కిష్ సైప్రియట్ పాత్రికేయురాలు తన ఫోన్ నంబరు పత్రికలో వేసి, పేరు చెప్పక్కర్లేదు, సమాధి ఎక్కడుందో చెప్పండి చాలు అని అడిగారు. రెండువైపుల నుంచీ ఫోన్లు వచ్చాయి. ఆమె ఆ సమాచారం పట్టుకుని స్వయంగా పొలాలకు వెళ్ళారు, బెదిరింపులు ఎదుర్కొన్నారు. సైప్రస్ నేపథ్యంగా ఎవరైనా నేర పరిశోధన కథ రాస్తే, డిటెక్టివ్ పాత్రకు నమూనా పోలీసు అధికారి కాకూడదు, ఇలాంటి మనిషి కావాలి.

కాని నోరు విప్పినవాళ్ళందరికీ బతికే అదృష్టం దక్కలేదు. 1996 జూలై 6న ఉత్తర నికోసియాలో కుత్లూ అదాలీ అనే టర్కిష్ సైప్రియట్ పాత్రికేయుణ్ణి ఆయన ఇంటి ముందే కాల్చి చంపారు. సెయింట్ బార్నబాస్ మఠంలో జరిగిన ఒక అనుమానాస్పద దాడి గురించి అంతకు కొద్ది నెలల ముందు ఆయన రాశారు. 2005లో యూరోపియన్ కోర్టు ఆ హత్యపై సరైన దర్యాప్తు జరగలేదని తేల్చింది. హంతకుడు ఈ రోజుకీ దొరకలేదు.

పాత పగలు సరే, మామూలు నేరాలకూ ఈ గీత రక్షణ కవచంలా పనికొస్తుంది. 2005 జనవరిలో, దక్షిణాన ఉంటున్న ఒక టర్కిష్ సైప్రియట్ కుటుంబాన్ని, భార్యాభర్తల్ని, కూతుర్ని, హైవే పక్కన చంపేశారు. అనుమానితులు ఉత్తరానికి వెళ్ళిపోయారు. అక్కడి పోలీసులు పట్టుకున్నారు కూడా. కాని సాక్ష్యాలన్నీ దక్షిణాన ఉన్నాయి. అవి పంపితే ఉత్తరాదిని దేశంగా ఒప్పుకున్నట్టవుతుందని దక్షిణం పంపలేదు. నిందితుల్ని అప్పగించడానికి ఉత్తరం ఒప్పుకోలేదు. ఐక్యరాజ్యసమితి మధ్యవర్తిత్వమూ ఫలించలేదు. సాక్ష్యం లేదని అనుమానితుల్ని వదిలేశారు. 2017లో యూరోపియన్ కోర్టు సహకరించనందుకు రెండువైపులనూ తప్పుపట్టింది. 2019లో అదే కోర్టు పెద్ద ధర్మాసనం టర్కీ ఒక్కదానిదే తప్పంది. ఆ తీర్పుల్లో ఏది వచ్చినా ఆ ఇంట్లో మిగిలినవాళ్ళకు ఒరిగింది లేదు, ఆ హత్యలకు ఎవరికీ శిక్ష పడలేదు. చట్టం పొరపడితే నేరస్థుడు తప్పించుకుంటాడని మనం అనుకుంటాం. ఇక్కడ రెండు ప్రభుత్వాలూ తమ నియమాల్ని కచ్చితంగా పాటించడం వల్లే తప్పించుకున్నాడు.

గీతతో ఏ సంబంధమూ లేని హత్యల మీద కూడా దాని నీడ పడింది. 2019 ఏప్రిల్‌లో మిత్సెరో అనే ఊరి దగ్గర, నీళ్ళు నిండిన పాత గని బావిలో ఒక ఆడమనిషి శవం కనపడింది. తవ్వేకొద్దీ ఏడుగురు తేలారు. ఐదుగురు ఆడవాళ్ళు, వాళ్ళలో ఇద్దరి కూతుళ్ళు. ఫిలిప్పీన్స్, రొమేనియా, నేపాల్ నుంచి బతుకుతెరువు కోసం వచ్చినవాళ్ళు. చంపినవాడు ఒక సైనికాధికారి. అతనికి ఏడు యావజ్జీవ శిక్షలు పడ్డాయి. అంటే ఇక్కడ హంతకుడు దొరికాడు. కాని ఎంత ఆలస్యంగా! అంతకు ముందే కొందరి గురించి ఫిర్యాదులు వెళ్ళాయి. ఉత్తరానికి వెళ్ళిపోయి ఉంటారులే అని పోలీసులు తేలిగ్గా తీసుకున్నారన్న ఆరోపణ దేశాన్ని కుదిపేసింది. న్యాయమంత్రి రాజీనామా చేశారు, పోలీసు చీఫ్ ఉద్యోగం పోయింది. గోదావరి జిల్లాల నుంచి ఇంటిపనికి గల్ఫ్ వెళ్ళే ఆడవాళ్ళ కుటుంబాలకు ఈ బాధ బాగా తెలుసు. మనిషి జాడ తెలియకపోతే, ‘ఎక్కడికో వెళ్ళిపోయి ఉంటుంది’ అనే మాట దర్యాప్తుకు తలుపు మూసేస్తుంది. సైప్రస్‌లో ఆ ‘ఎక్కడికో’కి ఒక తయారు చిరునామా కూడా ఉంది.

ఇక కథల్లో ఎక్కువగా వాడేది వరోషా. ఫామగుస్తాలోని ఈ బీచ్ పేట ఒకప్పుడు పెద్ద హోటళ్ళకు పేరు మోసింది. 1974 ఆగస్టులో జనం ఇళ్ళకు తాళం వేసి, రెండు రోజుల్లో తిరిగొస్తామనుకుని వెళ్ళిపోయారు. టర్కీ సైన్యం ఆ పేట చుట్టూ కంచె వేసింది. 2020 అక్టోబర్‌లో ఒక భాగం తెరిచారు. ఇప్పుడు టూరిస్టులు కూలిపోతున్న మేడల మధ్య అద్దె సైకిళ్ళు తొక్కుతూ ఫొటోలు దిగుతున్నారు. అక్కడ సొంత ఇల్లున్న వాళ్ళు మాత్రం తాడు ఇవతల నిలబడి కిటికీలు లెక్కపెట్టుకోవాలి. దయ్యాల పట్నంగా వరోషాని వాడుకున్న కథలు నాకు నచ్చవు. దాని యజమానులు బతికే ఉన్నారు, వాళ్ళ దగ్గర దస్తావేజులూ ఉన్నాయి.

ఇంకో రకం ఇళ్ళ కథ ఇంతకన్నా లోతైనది. 2003 ఏప్రిల్ 23న హఠాత్తుగా దారులు తెరిచాక, వేలమంది తమ పాత ఇళ్ళు చూసుకోవడానికి అటూ ఇటూ దాటారు. తలుపు తడితే అవతలి వర్గం మనిషి తీశాడు. చాలాచోట్ల కూర్చోబెట్టి కాఫీ ఇచ్చారు. కొన్ని ఇళ్ళలో పాత యజమానుల పెళ్ళి ఫొటోలు దాచి ఉంచి తిరిగిచ్చారు. మరుసటి ఏడు ఐక్యరాజ్యసమితి తెచ్చిన ఏకీకరణ ప్రణాళికకు ఉత్తరాదిన 65 శాతం ఔనన్నారు, దక్షిణాదిన 76 శాతం కాదన్నారు. వారం తర్వాత చీలిన ద్వీపమే యూరోపియన్ యూనియన్‌లో చేరింది. 2017లో స్విట్జర్లాండ్‌లో జరిగిన చర్చలూ విఫలమయ్యాయి.

ఇదంతా తెలిశాక, సైప్రస్‌లో జరిగే మంచి థ్రిల్లర్ ఎలా ఉండాలన్న దానిపై నాకో గట్టి అభిప్రాయం ఏర్పడింది. ఎవరు చంపారన్న ప్రశ్న చుట్టూ దాన్ని నడపలేం. చాలా ఊళ్ళలో ఆ జవాబు అందరికీ తెలుసు. హంతకుడు అదే కాఫీ హోటల్లో రోజూ కూర్చున్నాడు, మనవళ్ళని ఎత్తుకుని తిరిగాడు, కొందరు గౌరవంగానే చనిపోయారు. తెలిసినవాళ్ళు ఇన్నేళ్ళు ఎందుకు చెప్పలేదు, ఇప్పుడు చెబితే ఎవరి బతుకు కూలుతుంది అన్నవే అక్కడి అసలు సస్పెన్స్. రచయిత ఒకవైపు జాబితానే పట్టుకుని రాస్తే అది థ్రిల్లర్ కాదు, ప్రచారం. 1,510 గురించి రాసేవాడు 492 గురించి కూడా రాయాలి. సొంత వర్గంలోని హంతకుడి పేరును దాచిన పాత్ర ఒక్కటైనా ఆ కథలో ఉండాలి, ఆ పాత్రను పాఠకుడు ద్వేషించలేకపోవాలి.

కమిటీకి నోరు కట్టేసే నిబంధన నవలకు లేదు. ఎముకల పెట్టెలో పెట్టడానికి వీల్లేని కాగితాన్ని నవల రాయగలదు. కాకపోతే దానికి ముడి సరుకైన జ్ఞాపకం వేగంగా కరిగిపోతోంది. అప్పట్లో ఇరవై ఏళ్ళున్న సాక్షికి ఇప్పుడు డెబ్బై దాటాయి. కొన్నిచోట్ల సమాధుల మీద రోడ్లు పడ్డాయి, ఇళ్ళు లేచాయి. కొన్నిచోట్ల నేరస్థులే ఎముకల్ని తవ్వి వేరే చోటికి తరలించేశారు. ఉత్తరాన సైనిక ప్రాంతాల్లో తవ్వాలంటే టర్కీ సైన్యం అనుమతివ్వాలి. 2015లో ముప్పై చోట్లకు ఇచ్చింది, 2019లో మరో ముప్పైకి. ఏడాదికి దొరికేవాళ్ళ సంఖ్య బాగా పడిపోయింది. జాబితాలో తొమ్మిది వందల మందికి పైగా ఇంకా మిగిలే ఉన్నారు. పేరు చెప్పక్కర్లేదు, చోటు చెప్పండి అని కమిటీ రెండు భాషల్లోనూ అడుగుతూనే ఉంది.